కలిసి కనిపిస్తే కారణమేనా?

'ఫోన్ ఎక్కువగా చూసే పిల్లల్లో కుంగుబాటు', 'టిఫిన్ మానేసేవారికి తక్కువ మార్కులు'... ఇలాంటి వార్త చదవగానే గుండె గుభేల్‌మంటుంది. వెంటనే ఇంట్లో కొత్త ఆంక్షలు మొదలవుతాయి. పిల్లలకు తిట్లు, తల్లికి నిందలు. ఇంతకీ ఆ పరిశోధన ఏం తేల్చింది? రెండు విషయాలు కలిసి కనిపించాయందా? ఒకదాని వల్లే రెండోది వస్తోందందా? ఈ తేడా పట్టుకుంటే అనవసర భయాలు చాలావరకు తగ్గుతాయి.

మనసుకు, ప్రవర్తనకు సంబంధించిన పరిశోధనలు చాలావరకు ఒకే తీరులో సాగుతాయి. కొన్ని వందల మందికో, వేల మందికో ప్రశ్నపత్రాలు ఇస్తారు. రోజుకు ఎన్ని గంటలు ఫోన్ చూస్తున్నారు? ఎంతసేపు నిద్రపోతున్నారు? ఈమధ్య ఎంత తరచుగా దిగులుగా అనిపించింది? ఇలా మనిషి మనిషికీ మారే అంశాలను చలరాశులు అంటారు. ఒకటి పెరిగినప్పుడు రెండోది కూడా పెరుగుతోందా, తగ్గుతోందా, దేనికదే అన్నట్టుగా ఉందా అని లెక్కగడతారు. ఈ లెక్కనే సహసంబంధం అంటున్నాం. అదే కోరిలేషన్.

బ్రిటన్ శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ 1888లో ఈ ఆలోచనకు రూపమిచ్చారు. ఇప్పుడు ఎక్కువగా వాడే సూత్రాన్ని కార్ల్ పియర్సన్ స్థిరపరిచారు. దీని విలువ -1 నుంచి +1 మధ్యలో ఉంటుంది. తల్లిదండ్రులు పొడుగైతే పిల్లలూ పొడుగయ్యే అవకాశం ఎక్కువ. ఇది ప్లస్ వైపు సంబంధం. ఒకటి పెరుగుతుంటే రెండోది తగ్గితే మైనస్ వైపు. సున్నా దగ్గర ఉంటే రెండూ కలిసి ఒక వరసలో పెరగటం గానీ తగ్గటం గానీ లేదని అర్థం.

ఈ అంకెను చూసి చాలామంది పొరబడుతుంటారు. 0.3 అంటే 30 శాతం కాదు. దాన్ని దాంతోనే గుణిస్తే 0.09 వస్తుంది. అంటే మనుషుల మధ్య కనిపించే తేడాల్లో ఈ ఒక్క అంశంతో ముడిపడి ఉన్నది 9 శాతమే. మిగతా 91 శాతానికి వేరే విషయాలున్నాయి. మనస్తత్వ శాస్త్రంలో 0.3ను మధ్యస్థ సంబంధంగా, 0.1ను చిన్నదిగా పరిగణించటం వాడుక. పత్రిక శీర్షికలో మాత్రం రెండూ ఒకేలా కనిపిస్తాయి.

మూడు దారులు

రెండు విషయాలు కలిసి కనిపిస్తే దాని వెనక కనీసం మూడు దారులుంటాయి. మొదటిది రెండోదానికి కారణం కావొచ్చు. రెండోదే మొదటిదానికి కారణం కావొచ్చు. లేదూ, కంటికి కనిపించని మూడోది ఏదో రెండింటినీ నడిపిస్తుండొచ్చు. కొన్నిసార్లు కేవలం కాకతాళీయం కూడా కావొచ్చు. మనం మాత్రం మొదటి దారినే పట్టుకుంటాం. దాని ఫలితం ఎంత దారుణంగా ఉంటుందో ఆటిజం చరిత్ర చెబుతుంది.

తల్లుల మీద పడిన నింద

అమెరికాలో పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్ 1943లో 11 మంది పిల్లల లక్షణాలను వివరిస్తూ ఆటిజం మీద పేరొందిన వ్యాసం రాశారు. ఇది పుట్టుకతో వచ్చే సమస్యేనని ఆయన అందులోనే భావించారు. అయితే ఈ పిల్లల తల్లిదండ్రుల్లో ఆప్యాయత చూపేవారు తక్కువగా కనిపించారనీ రాశారు. తర్వాతి ఏళ్లలో ఈ రెండో మాటే పెద్దదైంది. తల్లి మనసు చల్లబడటం వల్లే బిడ్డ ఇలా అయ్యిందనే వాదన పుట్టింది. 'రిఫ్రిజిరేటర్ మదర్' అనే పేరూ పెట్టేశారు. 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ రాసిన 'ది ఎంప్టీ ఫోర్ట్రెస్' పుస్తకం దీనికి మరింత ప్రచారం తెచ్చింది. అసలే బిడ్డ గురించి కుమిలిపోతున్న తల్లులు దోషులుగానూ మిగిలారు.

ఎక్కడ తప్పు జరిగింది? తల్లి ముభావంగా ఉండటం, బిడ్డకు ఆటిజం ఉండటం కలిసి కనిపించాయనే అనుకుందాం. పిలిస్తే పలకని, కళ్లలోకి చూడని, ఎత్తుకుంటే బిగుసుకుపోయే బిడ్డతో రోజంతా గడిపే తల్లి ఎలా ఉంటుంది? అలసిపోతుంది, దిగులు పడుతుంది, మాటలు తగ్గిస్తుంది. అంటే బాణం బిడ్డ నుంచి తల్లి వైపూ ఉండొచ్చు. తల్లిదండ్రులకూ పిల్లలకూ జన్యువులు ఉమ్మడి కాబట్టి మూడో దారీ ఉంది. ఈ రెండింటినీ ఎవరూ సరిగా పట్టించుకోలేదు.

ఆటిజం ఉన్న కుమారుడికి తండ్రి, స్వయంగా మనస్తత్వవేత్త అయిన బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లోనే ఈ వాదనను సవాలు చేస్తూ, ఇది శరీరానికి, మెదడుకు సంబంధించిన సమస్య అని పుస్తకం రాశారు. 1977లో సుసాన్ ఫోల్‌స్టీన్, మైకేల్ రటర్ బ్రిటన్‌లో 21 కవల జంటలను పరిశీలించారు. ఒకే అండం నుంచి పుట్టిన 11 జంటల్లో నాలుగింట కవలలిద్దరికీ ఆటిజం ఉంది. వేర్వేరు అండాల నుంచి పుట్టిన 10 జంటల్లో ఒక్క జంటలోనూ అలా లేదు. చిన్న అధ్యయనమే అయినా దారి చూపింది. ఆటిజంలో జన్యువుల పాత్ర పెద్దదని తర్వాతి పరిశోధనలు బలపరిచాయి.

ఇదంతా పాత కథ అనుకోవటానికి లేదు. 'నువ్వు ఉద్యోగానికి వెళ్లబట్టే', 'ఫోన్ ఇవ్వబట్టే వీడికి మాటలు రాలేదు' అనే మాటలు మన ఇళ్లలోనూ తల్లులు వింటూనే ఉన్నారు. పసిపిల్లలకు ఫోన్ మంచిది కాదు, నిజమే. మనుషులతో ముచ్చట్లు తగ్గితే మాటలు నేర్చుకునే అవకాశమూ తగ్గుతుంది. కానీ చెప్పింది అర్థం కాక, కావాల్సింది అడగలేక గోల చేసే బిడ్డను ఊరుకోబెట్టటానికి ఫోన్ ఇవ్వటమూ జరుగుతుంది. అందుకని ఫోన్ మానిపించి, అన్నీ అవే సర్దుకుంటాయని నెలల తరబడి ఎదురుచూడొద్దు. మాటలు ఆలస్యమైతే వినికిడి, ఎదుగుదల పరీక్షలు వెంటనే చేయించాలి.

నైట్‌ల్యాంప్ నేర్పిన పాఠం

మూడో కారణం ఎలా దాక్కుంటుందో చెప్పటానికి కంటి వైద్యంలో మంచి ఉదాహరణ ఉంది. 1999లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 479 మంది పిల్లల వివరాలు సేకరించి 'నేచర్' పత్రికలో ప్రచురించారు. రెండేళ్ల లోపు చీకట్లో పడుకున్నవారిలో 10 శాతం మందికి హ్రస్వదృష్టి ఉంది. నైట్‌ల్యాంప్ వెలుగులో పడుకున్నవారిలో ఇది 34 శాతం, గది లైటు వేసి పడుకోబెట్టినవారిలో 55 శాతం. లైటే కారణమని ఇది రుజువు చేయదని పరిశోధకులే హెచ్చరించారు. అయినా భయం పాకింది.

మర్నాటి ఏడాదే అదే పత్రికలో మరో రెండు బృందాలు తమ ఫలితాలు వెల్లడించాయి. వాటిల్లో లైటుకూ హ్రస్వదృష్టికీ సంబంధం కనిపించలేదు. తల్లిదండ్రులకు హ్రస్వదృష్టి ఉంటే పిల్లల గదిలో రాత్రి లైటు ఉంచటం ఎక్కువని మాత్రం తేలింది. హ్రస్వదృష్టి వంశపారంపర్యంగానూ వస్తుంది. అంటే అటు లైటుకూ, ఇటు పిల్లల చూపుకూ తల్లిదండ్రుల చూపే మూలమై ఉండొచ్చు.

పిల్లల నిగ్రహాన్ని పరీక్షించే 'మార్ష్‌మాలో' ప్రయోగం సంగతీ ఇంతే. ఎదురుగా ఉన్న ఒక మిఠాయిని తినకుండా కాసేపు ఆగితే రెండు ఇస్తామంటారు. ఆగగలిగిన పిల్లలు పెద్దయ్యాక చదువులో ముందున్నారని అమెరికాలో వాల్టర్ మిషెల్ బృందం గుర్తించింది. 2018లో 900 మందికి పైగా పిల్లలతో మళ్లీ చూస్తే ఆ సంబంధం దాదాపు సగమే ఉంది. కుటుంబ నేపథ్యం, ఇంటి వాతావరణం, చిన్ననాటి తెలివితేటలను లెక్కలోకి తీసుకుంటే అందులోనూ మూడింట రెండొంతులు తగ్గిపోయింది.

ఫోన్ మాటేమిటి?

ఇప్పుడు మనందరినీ వేధించే ప్రశ్నకు వద్దాం. బ్రిటన్‌లోని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఏమీ ఓర్బెన్, ఆండ్రూ షిబిల్‌స్కీ 2019లో అమెరికా, బ్రిటన్‌లకు చెందిన మూడు పెద్ద సర్వేలను తిరిగి విశ్లేషించారు. మొత్తం 3,55,358 మంది టీనేజర్ల సమాచారమది. స్క్రీన్ వాడకం పెరిగితే మానసిక శ్రేయస్సు తగ్గటం నిజంగానే కనిపించింది. కానీ పిల్లల మధ్య ఉన్న తేడాల్లో దీనితో ముడిపడినది గరిష్ఠంగా 0.4 శాతం. ఇదే సమాచారంలో తరచూ బంగాళదుంపలు తినటానికీ దాదాపు ఇంతే సంబంధం కనిపించింది. కళ్లద్దాలు పెట్టుకోవటానికి ఇంతకన్నా ఎక్కువే ఉంది! అలాగని బంగాళదుంపల వల్ల దిగులు వస్తుందని ఎవరైనా అంటారా?

అంతమాత్రాన ఫోన్‌కు మనం క్లీన్ చిట్ ఇవ్వలేం. ఇది సగటు లెక్క. అర్ధరాత్రి దాకా రీల్స్ చూసే అమ్మాయినీ, గంటసేపు క్రికెట్ హైలైట్స్ చూసే అబ్బాయినీ ఒకే గాటన కడుతుంది. పైగా ఇక్కడా బాణం రెండువైపులా ఉండొచ్చు. దిగులుగా ఉన్న పిల్లలు స్నేహితులకు దూరమై ఫోన్‌లో తలదూర్చొచ్చు. అలాంటప్పుడు ఫోన్ లాక్కుంటే కనిపించే లక్షణం పోతుంది గానీ, బాధ లోపలే ఉండిపోతుంది.

కారణమని ఎలా తెలుస్తుంది?

కారణాన్ని పట్టుకోవటానికి ప్రయోగం మంచి మార్గం. ఒక అంశాన్ని పరిశోధకులే మార్చి చూస్తారు. ఎవరికి ఏది ముందో, ఎవరు ఏ బృందంలోనో చీటీలు తీసినట్టు నిర్ణయిస్తారు. అప్పుడు ఇంటి నేపథ్యం, స్వభావం వంటివి రెండువైపులా సమానంగా సర్దుకుంటాయి.

నిద్ర విషయంలో ఇలాంటి ప్రయోగం జరిగింది. అమెరికాలో ఆరోగ్యవంతులైన 14-17 ఏళ్ల పిల్లలకు ఐదు రాత్రుల పాటు ఆరున్నర గంటలు మాత్రమే పడక మీద ఉండేలా, మరో ఐదు రాత్రులు పది గంటలు ఉండేలా ఏర్పాటు చేశారు. నిద్ర తగ్గిన రోజుల్లో అదే పిల్లలు ఎక్కువ ఆందోళన, కోపం, అలసట కనబరిచారు. ఇక్కడ మారింది నిద్రే కాబట్టి వేలు అటు చూపించొచ్చు. టీనేజర్లకు రోజుకు 8-10 గంటల నిద్ర అవసరం. కాబట్టి ఫోన్ మీద ఇంట్లో ఒక్క నియమమే పెట్టగలిగితే, రాత్రి పడుకునే ముందు దాన్ని గది బయట పెట్టించటం మేలు.

అన్నిచోట్లా ప్రయోగాలు చేయలేం. మనుషులతో పనిగట్టుకుని సిగరెట్లు తాగించలేం కదా. అయినా పొగకూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ఉన్న లంకె రుజువైంది. 1950లో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ చేసిన పరిశోధన మొదలు ఎన్నో దేశాల్లో ఒకే ఫలితం వచ్చింది. ఎక్కువ తాగేవారిలో ముప్పు ఎక్కువ, మానేస్తే తక్కువ. అలవాటు ముందు, జబ్బు తర్వాత. ఇన్ని ఆధారాలు ఒకేవైపు చూపినప్పుడు సహసంబంధాన్ని కొట్టిపారేయటం కూడా ప్రమాదమే.

పెరుగు, జలుబు లెక్క

ఇలాంటి లెక్కలు మనమూ రోజూ వేస్తుంటాం. 'వీడు పెరుగు తింటే చాలు, జలుబు పట్టేస్తుంది' అంటాం. నిజమో కాదో తేల్చాలంటే నాలుగు అంకెలు కావాలి. పెరుగు తిన్నాక జలుబు చేసిన రోజులు, చేయని రోజులు. తినకపోయినా జలుబు చేసిన రోజులు, చేయని రోజులు. మనకు మొదటిది ఒక్కటే గుర్తుంటుంది. నెలరోజులు క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకుని చూడండి. పెరుగు తిన్న 20 రోజుల్లో నాలుగు రోజులు, తినని 10 రోజుల్లో రెండు రోజులు జలుబు ఉందనుకోండి. రెండింట్లోనూ ఐదింట ఒక వంతే. ఈ లెక్క ప్రకారం పెరుగు మీద నింద నిలవదు.

వార్త చదివేటప్పుడు...

* 'సంబంధం ఉంది', 'ముప్పు ఎక్కువగా కనిపించింది' అన్నారా, 'కారణమని తేలింది' అన్నారా చూడండి.

* ప్రశ్నలు అడిగి రాబట్టిన సమాచారమా, ప్రయోగం చేశారా గమనించండి.

* బాణాన్ని తిప్పి చూడండి. రెండోదాని వల్లే మొదటిది జరుగుతుండొచ్చా?

* ఆదాయం, నిద్ర, వంశపారంపర్యం, ఇంట్లో గొడవలు వంటి మూడో కారణం ఉండొచ్చా?

* సంబంధం ఎంత పెద్దది? ఎంతమందిని చూశారు? ఇతరులు చేసినా అదే ఫలితం వచ్చిందా?

* ఒక్క వార్త చదివి వేసుకుంటున్న మందులు ఆపొద్దు, కొత్తవి మొదలుపెట్టొద్దు. డాక్టర్‌ను అడగండి.

ఏ సర్వే అయినా చెప్పేది గుంపు గురించే. మీ బిడ్డ గురించి తెలియాలంటే మీ బిడ్డనే అడగాలి. రెండు వారాలకు మించి దిగులుగా ఉన్నా, తిండి, నిద్ర, చదువు దెబ్బతిన్నా, ఇష్టమైనవి మానేసినా మానసిక నిపుణులను కలవండి. చనిపోవాలనే మాట వస్తే ఆలస్యం చేయొద్దు, ఒంటరిగా వదలొద్దు. కేంద్ర ప్రభుత్వ టెలి-మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు. తెలుగులోనూ మాట్లాడతారు. అక్కడ 'ఎవరి వల్ల ఇలా జరిగింది' అన్న పంచాయితీ ఉండదు. ఇప్పుడేం చేయాలన్నదే మాట్లాడతారు. ఇంట్లోనూ మొదలు పెట్టాల్సింది అక్కడి నుంచే.