చీర ఎక్కడ అమ్ముడైనట్టు?

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఒక తెలుగామె ఇంట్లోనే చీరల వ్యాపారం చేస్తోందనుకుందాం. ఒక శనివారం ఆమె 150 డాలర్ల పట్టుచీర, 40 డాలర్ల గాజుల సెట్టు ఒకే డబ్బాలో సర్ది జెర్సీ సిటీకి పంపింది. న్యూజెర్సీలో బట్టల మీద అమ్మకపు పన్ను లేదు కాబట్టి చీరకు సున్నా. గాజులు బట్టల కిందికి రావు. వాటికి 6.625 శాతం చొప్పున 2 డాలర్ల 65 సెంట్లు పడింది. మర్నాడు హడ్సన్ నది దాటి, న్యూయార్క్ నగరంలోని క్వీన్స్‌లో దీపావళి మేళాకు వెళ్లి స్టాల్ పెట్టింది. అదే నేత, అదే ధర ఉన్న చీర ఒకటి అక్కడ అమ్మింది. ఈసారి పన్ను 8.875 శాతం, అంటే 13 డాలర్ల 31 సెంట్లు. అందులో రాష్ట్రానికి 4 శాతం, నగరానికి 4.5 శాతం, రవాణా జిల్లాకు 0.375 శాతం పోతుంది. చీర ధర 110 డాలర్ల లోపు ఉండి ఉంటే అక్కడా పన్ను పడేది కాదు.

చీర మారలేదు, అమ్మిన మనిషి మారలేదు. మారింది చోటు ఒక్కటే. అమెరికాలో ఒక వ్యాపారి కొత్త రాష్ట్రంలో పన్ను వసూలుకు నమోదు కావాలా వద్దా అన్న చిక్కంతా ఈ చోటు చుట్టూనే తిరుగుతుంది.

అమెరికాలో దేశమంతటికీ ఒకే అమ్మకపు పన్ను లేదు. మహామాంద్యం నాటి 1930లలో ఖజానాలు ఖాళీ అయినప్పుడు రాష్ట్రాలు ఒకదాని తర్వాత ఒకటి ఈ పన్నును పట్టుకున్నాయి. నేటికీ న్యూ హాంప్‌షైర్, ఒరెగాన్, మోంటానా, అలాస్కా, డెలావేర్‌లలో రాష్ట్రస్థాయి అమ్మకపు పన్ను లేదు. అలాస్కాలో మాత్రం ఊళ్లు తమ మట్టుకు తాము వేసుకుంటాయి. మిగిలిన 45 రాష్ట్రాలూ రాజధాని వాషింగ్టన్ నగరమూ ఎవరి చట్టం వారు రాసుకున్నాయి.

ఒక మాట ముందే తేల్చుకోవాలి. వ్యాపారులు తరచు తడబడేది ఇక్కడే. సాధారణంగా ఈ పన్ను భారం కొన్నవాడిది, అమ్మినవాడిది కాదు. క్వీన్స్‌లో వసూలైన ఆ 13 డాలర్ల 31 సెంట్లు ఒక్క క్షణం కూడా ఆమె సొమ్ము కాదు. రాష్ట్రం సొమ్ము ఆమె గల్లాపెట్టెలో తాత్కాలికంగా ఉందంతే. అందుకే ఆ పైకాన్ని సొంత ఖర్చులకు వాడుకున్నవారి పట్ల రాష్ట్రాలు మామూలు బాకీదారుల పట్ల కంటే కఠినంగా ఉంటాయి. కంపెనీ పెట్టి వ్యాపారం చేసినా, పన్ను జమ చేయవలసిన బాధ్యత ఎవరిదో ఆ వ్యక్తి సొంత ఆస్తి దాకా వస్తాయి. నమోదు అంటే వ్యాపారానికి అనుమతి తెచ్చుకోవడమని చాలామంది అనుకుంటారు. నిజానికి అది జీతం లేని శిస్తు వసూలుదారుగా పేరు రాయించుకోవడం.

మరి తన గడప తొక్కని వ్యాపారిని ఒక రాష్ట్రం ఈ పనికి నియమించగలదా? ఈ ప్రశ్న మీద అమెరికా సుప్రీంకోర్టు యాభై ఏళ్లు కుస్తీ పట్టింది. 1967లో నేషనల్ బెల్లాస్ హెస్ అనే కంపెనీ వ్యాజ్యం వచ్చింది. మిస్సోరీలో కూర్చుని పోస్టు ద్వారా సరుకు అమ్మే కంపెనీ అది. ఇల్లినాయ్‌లో దానికి దుకాణం లేదు, ఉద్యోగి లేడు. కేటలాగులు పంపినంత మాత్రాన అక్కడ పన్ను వసూలు చేయాలనడం కుదరదని కోర్టు తేల్చింది. 1992లో క్విల్ అనే స్టేషనరీ కంపెనీ మీద నార్త్ డకోటా అదే పట్టు పట్టింది. ఆ రాష్ట్రంలో క్విల్‌కు ఉన్న ఆస్తి దాదాపుగా ఖాతాదారులకు ఇచ్చిన కొన్ని ఫ్లాపీ డిస్కులే. అవి చాలవంది కోర్టు. రాష్ట్రంలో భౌతికంగా కాలు మోపి ఉండాలన్న సూత్రం అలా నిలబడింది.

ఇంటర్నెట్ వచ్చాక ఆ సూత్రం కింద నేల కదిలింది. ఎక్కడో కూర్చున్న కంపెనీ పన్ను లేకుండా అమ్ముతుంటే వీధి చివరి దుకాణదారు పన్ను కలిపి అమ్మాలి. చట్టప్రకారం అలాంటప్పుడు కొన్నవాడే 'యూజ్ టాక్స్' పేరిట రాష్ట్రానికి కట్టాలి. కాగితం మీద ఆ పన్ను ఉంది, కట్టేవాళ్లు మాత్రం చాలా తక్కువ. 2015లో మరో వ్యాజ్యంలో తీర్పుతో ఏకీభవిస్తూనే న్యాయమూర్తి ఆంథొనీ కెన్నెడీ, క్విల్ తీర్పును తిరగతోడేందుకు తగిన కేసు రావాలని విడిగా రాశారు. సౌత్ డకోటా ఆ పిలుపు అందుకుంది. వ్యక్తుల మీద ఆదాయపు పన్ను లేని రాష్ట్రం కనుక దాని పోషణ ప్రధానంగా అమ్మకపు పన్ను మీదే. ఏటా 4.8 కోట్ల నుంచి 5.8 కోట్ల డాలర్లు పోతున్నాయని ఆ రాష్ట్రం లెక్క. తన రాష్ట్రంలోకి ఏడాదికి లక్ష డాలర్లకు మించి అమ్మినా, 200 లావాదేవీలు చేసినా నమోదు కావాల్సిందేనని 2016లో చట్టం చేసి వేఫేర్, ఓవర్‌స్టాక్, న్యూఎగ్ కంపెనీలను కోర్టుకీడ్చింది. 2018 జూన్ 21న 5-4 ఆధిక్యంతో సుప్రీంకోర్టు సౌత్ డకోటా పక్షాన నిలిచింది. తీర్పు రాసింది కెన్నెడీయే. 1967, 1992 తీర్పులు రెండూ రద్దయ్యాయి.

అప్పటినుంచి కాలు మోపనక్కర్లేదు, పరిమితికి మించి సరుకు చేరితే చాలు. ఆర్థిక సంబంధం ఉన్నట్టే. వ్యాపారుల వాడుకలో దీని పేరు 'ఎకనామిక్ నెక్సస్'. తీర్పు తర్వాత రాష్ట్రాలు వరుసగా చట్టాలు చేశాయి. ఫ్లోరిడా 2021 జూలైలో చేరింది. అందరికంటే ఆఖరున 2023 జనవరిలో మిస్సోరీ వచ్చింది.

పరిమితులు రాష్ట్రానికో తీరు. చాలా చోట్ల లక్ష డాలర్లు. కాలిఫోర్నియా, టెక్సస్‌లలో 5 లక్షలు. న్యూయార్క్‌లో 5 లక్షల డాలర్లూ 100కు మించిన అమ్మకాలూ రెండూ ఉండాలి. అంకె ఒకటైనా దేన్ని లెక్కలో వేస్తారన్నది వేరు. ఫ్లోరిడా పన్ను పడే అమ్మకాలనే కలుపుతుంది. టెక్సస్ పన్ను లేనివాటినీ కలుపుతుంది. ఏడాది అన్నా అందరికీ ఒకే ఏడాది కాదు. కొందరు జనవరి నుంచి డిసెంబరు దాకా చూస్తారు, టెక్సస్ గడిచిన పన్నెండు నెలలు చూస్తుంది, న్యూయార్క్ మార్చి, జూన్, సెప్టెంబరు, డిసెంబరులలో మొదలయ్యే తన త్రైమాసికాలు నాలుగు చూస్తుంది.

లావాదేవీల సంఖ్యను కొలమానం చేయడం నా దృష్టిలో మొదటినుంచీ మొరటు పద్ధతే. 15 డాలర్ల గాజుల జతలు 200 అమ్మితే వచ్చేది 3,000 డాలర్లు. దానిమీద వచ్చే పన్ను, దాన్ని లెక్కగట్టి రిటర్ను వేయించినందుకు అకౌంటెంటు తీసుకునే ఫీజుకు కూడా చాలదు. సౌత్ డకోటాయే 2023లో ఈ 200 లెక్కను తీసేసింది, 2024లో ఇండియానా కూడా. మరికొన్ని రాష్ట్రాలు ఇంకా పట్టుకుని ఉన్నాయి.

వేఫేర్ తీర్పుతో పాత సూత్రం చచ్చిపోయిందనుకుంటే పొరపాటు. కాలు మోపితే ఇప్పటికీ బంధమే, దానికి పరిమితితో పని లేదు. మన ఎడిసన్ చీరల ఆమె న్యూయార్క్‌లోకి 5 లక్షల డాలర్ల సరుకు ఎన్నటికీ పంపకపోవచ్చు. కానీ ఒక్క ఆదివారం క్వీన్స్‌లో బల్ల వేసి అమ్మింది కదా. దానికి ముందే ఆమె న్యూయార్క్ పన్నుల శాఖ నుంచి 'సర్టిఫికెట్ ఆఫ్ అథారిటీ' తెచ్చుకుని ఉండాలి. వ్యాపారం మొదలుపెట్టడానికి కనీసం 20 రోజుల ముందు దరఖాస్తు చేయాలి, స్టాల్‌లో అది కనబడేలా పెట్టాలి. ఒకసారి నమోదయ్యాక ఎడిసన్ ఇంటి నుంచి న్యూయార్క్‌కు పంపే పార్సిళ్లకూ ఆ రాష్ట్రపు పన్ను కలపాలి. గిడ్డంగి సంగతి మరీ చాటుగా ఉంటుంది. అమెజాన్ గిడ్డంగులకు సరుకు అప్పజెప్పినవారి పెట్టెలను ఆ కంపెనీ తన వీలును బట్టి రాష్ట్రాలు దాటిస్తుంది. ఆమె కూడా అలా అప్పజెప్పి ఉంటే, ఆమెకు తెలియకుండానే ఆమె సరుకు ఇండియానాలోనో మరో చోటో నిల్వ ఉండవచ్చు. చాలా రాష్ట్రాల దృష్టిలో నిల్వ ఉన్న చోట కాలు మోపినట్టే.

ఇక్కడ ఒక ఊరట ఉంది. అమెజాన్, ఎట్సీ, ఈబే వంటి బజారుల ద్వారా జరిగే అమ్మకాలకు పన్ను వసూలు చేసి కట్టే బాధ్యతను రాష్ట్రాలు ఆ బజారుల మీదే పెట్టాయి. సొంత వెబ్‌సైటు మీద, ఫోను మీద, వాట్సాప్ మీద అమ్మినదానికి మాత్రం బాధ్యత అమ్మినవారిదే. పరిమితి లెక్కలో బజారు అమ్మకాలను కొన్ని రాష్ట్రాలు కలుపుతాయి, కొన్ని కలపవు.

మన దేశంలో ఈ ముడిని వేరే విధంగా విప్పారు. విజయవాడ వ్యాపారి చెన్నైకి సరుకు పంపితే తమిళనాడులో నమోదు కానక్కర్లేదు. ఐజీఎస్‌టీ కేంద్రానికి కడతాడు, సరుకు చేరిన రాష్ట్రం వాటా అక్కడినుంచి వెళుతుంది. ఆయన జీఎస్‌టీ నంబరు 37తో మొదలవుతుంది, అది ఆంధ్రప్రదేశ్ సంకేతం. ఆయనే హైదరాబాదులో గోదాము తెరిచి అక్కడినుంచి అమ్మితే మాత్రం 36తో మొదలయ్యే మరో నంబరు తీసుకోవాలి. ఆ రెండంకెల తర్వాత వచ్చే పది అక్షరాలు ఆయన పాన్ నంబరే. అంటే మన దగ్గర నమోదు లెక్క సరుకు బయల్దేరిన చోటిది, అమెరికాలో చేరిన చోటిది కూడా. జీఎస్‌టీ వచ్చిన 2017 జూలైకి ముందు సీ-ఫారాల కోసం తిరిగి, చెక్‌పోస్టుల దగ్గర లారీలు నిలబెట్టుకున్న మన పాతతరం వ్యాపారులకు అమెరికా కథ చెబితే పెద్దగా ఆశ్చర్యపోరు.

అమెరికాలో నమోదు దరఖాస్తు చూడటానికి తేలిక. కాలిఫోర్నియా, టెక్సస్, న్యూయార్క్‌లలో రుసుము లేదు. కేంద్ర పన్నుల శాఖ ఇచ్చే యజమాని గుర్తింపు సంఖ్య, వ్యాపార స్వరూపం, బాధ్యుల వివరాలు, ఏం అమ్ముతారు, నెలకు ఎంత అమ్మవచ్చు, ఇంతే. స్ట్రీమ్‌లైన్డ్ సేల్స్ టాక్స్ ఒప్పందంలో ఉన్న 24 రాష్ట్రాలకు ఒకే దరఖాస్తు చాలు. కానీ కాలిఫోర్నియా, టెక్సస్, న్యూయార్క్, ఫ్లోరిడా వంటి పెద్ద రాష్ట్రాలు అందులో లేవు. పర్మిట్ చేతికి రాకముందే పన్ను పేరుతో డబ్బు వసూలు చేయడం సాధారణంగా చట్టవిరుద్ధం. ముందు వసూలు చేసి తర్వాత కడదాంలే అనుకునే నిజాయితీపరులు కూడా ఇక్కడ తప్పులో కాలేస్తారు.

రేటు కట్టడం మరో విద్య. పిన్‌కోడ్‌ లాంటి జిప్ కోడ్ పోస్టుమ్యాన్ దారికోసం పుట్టింది, పన్ను సరిహద్దుల కోసం కాదు. ఒకే జిప్‌లో ఎదురెదురు ఇళ్లకు వేర్వేరు రేట్లు ఉండవచ్చు. పూర్తి చిరునామా పట్టుకుని లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ అందుకే. వేఫేర్ కేసులో విభేదించిన ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ ఈ గందరగోళాన్నే ఎత్తిచూపారు. దేశంలో పన్ను వేసే పరిధులు పదివేలకు పైగా ఉన్నాయన్నారు. ఆయన చెప్పిన ఉదాహరణలివి: ఇల్లినాయ్ పన్ను లెక్కలో ట్విక్స్ చాక్లెట్టు ఆహారం, స్నికర్స్ చాక్లెట్టు మిఠాయి. కారణం, ట్విక్స్‌లో పిండి ఉంది. న్యూజెర్సీలో స్వెటర్ అల్లడానికి కొన్న ఊలుకు పన్ను లేదు, అదే ఊలు కళారూపాలకైతే ఉంది. పెద్ద కంపెనీలు దీన్ని తట్టుకుంటాయి, నలిగేది చిన్నవాళ్లేనన్నది ఆయన ఆందోళన. తీర్పు సబబే కావచ్చు, ఈ ఆందోళన కూడా సబబే.

దరఖాస్తులో ఒక గడి దగ్గర మాత్రం చెయ్యి ఆపి ఆలోచించాలి. 'ఈ రాష్ట్రంలో మీ వ్యాపారం మొదలైన తేదీ' అని అడుగుతుంది. టెక్సస్‌లో పరిమితి దాటిన నెల తర్వాత నాలుగో నెల మొదటి తేదీకల్లా వసూలు మొదలుపెట్టాలి. ఆ గడువులోపే వచ్చినవారికి బెంగలేదు. రెండేళ్ల కిందటే దాటినవారు నిజమైన తేదీ రాస్తే ఆ రెండేళ్ల రిటర్నులూ లేచి నిలబడతాయి. ఖాతాదారుల నుంచి ఇప్పుడిక రాబట్టలేని పన్నుకు వడ్డీ, జరిమానా తోడవుతాయి. ఇవాళ్టి తేదీ రాసి దులిపేసుకుంటే అది సంతకం పెట్టిన అబద్ధం. ఈ రెంటికీ మధ్య ఒక దారి ఉంది. దాన్ని 'వాలంటరీ డిస్‌క్లోజర్' అంటారు. నమోదుకు ముందే, రాష్ట్రం నోటీసు రాకముందే, తామే వెళ్లి ఒప్పుకుంటే సాధారణంగా మూడు నాలుగేళ్లకు మించి వెనక్కి పోరు, జరిమానా మాఫీ అవుతుంది. మొదట పేరు చెప్పకుండానే మాట్లాడుకోవచ్చు. మల్టీస్టేట్ టాక్స్ కమిషన్ అనే సంస్థ ద్వారా ఒకేసారి అనేక రాష్ట్రాలతో మాట్లాడుకోవచ్చు. తొందరపడి ముందు నమోదైపోతే సాధారణంగా ఈ తలుపు మూసుకుంటుంది.

నమోదయ్యాక రిటర్నుల వంతు. నెలకా, మూడు నెలలకా, ఏడాదికా అన్నది అమ్మకాలను బట్టి రాష్ట్రమే చెబుతుంది. ఒక్క చీర అమ్మకపోయినా సున్నా అని రాసి పంపాలి. టెక్సస్‌లో ఆ సున్నా గడువు దాటి వస్తే 50 డాలర్ల జరిమానా. దీపావళి అయిపోయి, క్వీన్స్ స్టాల్ తీసేసి, న్యూయార్క్ వైపు మళ్లీ చూడకూడదనుకున్నా, పర్మిట్ రద్దు చేయించుకుని ఆఖరి రిటర్ను వేసేదాకా ఎడిసన్ ఇంటి పోస్టుపెట్టెలోకి న్యూయార్క్ నుంచి కవర్లు వస్తూనే ఉంటాయి.