ఆ క్షణంలో వాడికేం తెలుసు?

న్యాల్‌కల్ నుంచి ఒక తల్లి మొన్న జహీరాబాద్‌లో నా దగ్గరికొచ్చింది. చేతిలో పాలిథిన్ కవరు. అందులో ఎర్రగడ్డ ఆస్పత్రి చీటీలు, అడుగున దర్గాలో కట్టించిన తాయెత్తు. "సార్, మా పోరని మతి మంచిగ లేదు. ఊకెనే జైల్ల ఏస్తరా?" అనడిగింది.

మతి తప్పినవాడిని శిక్షించొద్దన్న మాట చాలా పాతది. 1843లో లండన్‌లో మెక్‌నాటన్ అనేవాడు ప్రధాని కార్యదర్శిని కాల్చి చంపాడు. జ్యూరీ పిచ్చివాడని వదిలేస్తే దేశమంతా గగ్గోలు. అప్పుడు జడ్జీలు చెప్పిన సూత్రమే మన ఐపీసీ 84వ సెక్షన్‌కు మూలం. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 22వ సెక్షన్. జబ్బు పేరొక్కటే చాలదు. ఆ క్షణంలో తానేం చేస్తున్నాడో, లేదా అది తప్పనో చట్టవిరుద్ధమనో తెలుసుకోలేని స్థితిలో ఉండాలి.

మరి రుజువు చేయాల్సిందెవరు? 1964లో ఒక గుజరాత్ కేసులో దీన్ని తేల్చి తీర్పు రాసింది మన రాజమండ్రి బిడ్డ, జస్టిస్ కోకా సుబ్బారావు. ఆ కేసులో భార్యను చంపిన భర్త, తనకు మతి తప్పిందన్న వాదన నిలవలేదు, శిక్ష ఖాయమైంది. కానీ సూత్రం మిగిలింది: నిందితుడి మీదుండే బరువు సివిల్ దావాలో ఉన్నంతే. అదీ మోయలేకపోయినా, నేరబుద్ధి ఉందా అన్న సహేతుకమైన అనుమానం పుడితే వదిలేయాల్సిందే. నా దృష్టిలో ఇంత మానవత్వమున్న తీర్పులు తక్కువ.

వదిలేయడమంటే నేరుగా ఇంటికి పంపడం కాదు. భద్రమైన కస్టడీలో ఉంచుతారు, లేదా పూచీ మీద బంధువులకు అప్పగిస్తారు.

ఆ అనుమానానికి ఆధారమయ్యేవి ఇలాంటి చీటీలే. అందుకే ఆ తల్లి తెచ్చిన చీటీలను తేదీల వారీగా పేర్చాను. మీ ఇంట్లోనూ ఇలాంటి బిడ్డ ఉంటే, ఒక్క చీటీ కూడా పారేయకండి.