బడిలోని నీలిమాత్రయు కందిచేని కోతయు

తాండూరు నల్లరేగడి చేలలో కంది కోతకు వచ్చు దినములలో బడులయందు పదమూడు, పదునాలుగేండ్ల బాలికల స్థానములు అక్కడక్కడ శూన్యమగుట మన సభ్యులకు క్రొత్త సంగతి కాదు. ఆ దినములలో పాఠములేగాక మరియొకటియు వారికి తప్పిపోవుచున్నది.

2013వ సంవత్సరమునుండి సర్కారు బడులలో ఆరవ తరగతి మొదలుకొని పిల్లలకు వారమునకొక నీలిమాత్ర నిచ్చు ఏర్పాటు కలదు. నేడా మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుమును, కొంత ఫోలిక్ ఆమ్లమును ఉన్నవి. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య పరిశీలనలో తెలంగాణమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనులని తేలినది. ఈ కొరత పెండ్లియైన పిమ్మట పుట్టునది కాదు. కంది పూతకు వచ్చువేళ నేలలో తేమ చాలనియెడల పూత రాలునని మీరెరుగుదురు. ఎముకలు సాగుచు, బాలికలకు ఋతుస్రావ మారంభమగు వయస్సును అట్టిదే.

విత్తన ప్రదర్శనమునకై మేము పోయిన యొక పల్లెలో ఒక రైతు మాతో, "సారూ, గోలీ మింగినంక పిల్లకు వాంతయింది, దొడ్డికి నల్లగ వచ్చింది. ఇగ వద్దంటిమి" అనెను. మలము నల్లబడుట ఇనుమువలననే. దానికి భయపడ బనిలేదు. పరగడుపున మ్రింగిన వికారము కలుగవచ్చును. అన్నము తినిన పిమ్మట మ్రింగవలెను. వెంటనే చాయ త్రాగరాదు. కందిపప్పులో నిమ్మరసము పిండుకొనిన ఇనుము చక్కగా ఒంటబట్టును. ఆ రైతును మేము మందలింపలేదు. మా యింటనే యొకప్పుడు ఇట్టి మాత్రలు గూటిలో పడియుండెను.

నులిపురుగుల మాటయు మరువరాదు. కొంకిపురుగు పిల్లలు మలముతో చెడిన తడినేలనుండి ఒట్టికాళ్ల చర్మముగుండ లోపల ప్రవేశించి, ప్రేగులు పట్టి నెత్తురు పీల్చును. అందువలననే 2015లో మొదలైన నులిపురుగుల నివారణ దినమున బడిలో ఆల్బెండజోల్ మాత్ర నమలింతురు. చేనికి పోవు పిల్లలకు చెప్పులు కొనుట మన పని.

వికారాబాదు వారికి అనంతగిరి క్షయ చికిత్సాలయము తెలియనిది కాదు. రెండు వారములు దాటిన దగ్గును బడి పరీక్షలకు వచ్చు వైద్యులకు దాచక చెప్పవలెను. దాచిన యెడల ఇంటిల్లిపాదికిని అంటును.

కోతదినములలో పిల్లను పూర్తిగా మానిపింపక తప్పదాయని ఆ రైతునడిగితిమి. ఆతడు కొంతసేపు మాటాడక, "గోలీ ఇచ్చే దినమన్న తోలుత" ననెను. మే మాదినమేదో ఉపాధ్యాయునడిగి, ఆతని భార్యకును చెప్పి వచ్చితిమి.