ఆగితే దెబ్బలు, సాగితే జైలు: లారీ డ్రైవర్ల ప్రశ్నలకు బదులేది?

న్యూఢిల్లీ: ప్రమాదం జరిగినచోట లారీ ఆపితే జనం చితకబాదుతారు. ఆపకుండా పోతే చట్టం జైలుకు పంపుతుంది. అలాంటప్పుడు డ్రైవరు ఏం చేయాలి? 2024 జనవరి తొలి రోజుల్లో దేశంలోని పలు రాష్ట్రాల్లో లారీ డ్రైవర్లు బండ్లు నిలిపివేసి రోడ్డెక్కినప్పుడు అడిగిన ప్రశ్న ఇదే. ట్యాంకర్లు కదలకపోవడంతో హైదరాబాద్‌తో సహా అనేక నగరాల్లో పెట్రోలు బంకుల ముందు వాహనాలు బారులు తీరాయి. కేంద్రం హామీతో రెండు మూడు రోజుల్లోనే ఆందోళన సద్దుమణిగింది. ప్రశ్న మాత్రం మిగిలిపోయింది. పనిగంటలు, లోడు, లైసెన్సు, నిద్ర గురించి డ్రైవర్లు ఏళ్ల తరబడి అడుగుతున్నవి కూడా దాని వెనుకే నిలిచి ఉన్నాయి.

దేశంలో సరకు రవాణాలో దాదాపు 70 శాతం రోడ్ల మీదనే జరుగుతోంది. బియ్యం, ఉల్లి, సిమెంటు, గ్యాస్ సిలిండర్లు, ఏవి ఇంటికి చేరాలన్నా లారీ కదలాలి. దాన్ని నడిపే మనిషికి వర్తించే నిబంధనలపై చర్చ మాత్రం లారీలు ఆగినప్పుడే జరుగుతోంది.

పదేళ్ల శిక్షపై భయం

పాత భారత శిక్షాస్మృతి 304-ఎ సెక్షన్ ప్రకారం నిర్లక్ష్యం వల్ల మరణానికి కారకులైనవారికి గరిష్ఠంగా రెండేళ్ల శిక్ష ఉండేది. దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్‌లోని మొదటి భాగం దీన్ని ఐదేళ్లకు పెంచింది. నిర్లక్ష్యంగా బండి నడిపి మరణానికి కారకుడైన డ్రైవరు పోలీసులకు గాని మేజిస్ట్రేటుకు గాని వెంటనే తెలపకుండా పారిపోతే పదేళ్ల దాకా జైలు, జరిమానా విధించవచ్చునని రెండో భాగం చెబుతోంది. జరిమానా ఏడు లక్షలని, పది లక్షలని ఆందోళన రోజుల్లో ప్రచారం సాగింది. సెక్షన్‌లో మొత్తం ఇంతని ఎక్కడా లేదు. అయితే నెల జీతం మీద, ట్రిప్పు బత్తా మీద బతికే మనిషిని భయపెట్టడానికి ఆ వదంతి చాలింది.

కేంద్ర హోం శాఖ కార్యదర్శి 2024 జనవరి 2న ఆల్ ఇండియా మోటార్ ట్రాన్స్‌పోర్ట్ కాంగ్రెస్ ప్రతినిధులతో చర్చలు జరిపారు. వారిని సంప్రతించిన తరువాతనే ఈ సెక్షన్‌పై నిర్ణయం తీసుకుంటామని హామీ ఇచ్చారు. ఆ మేరకు 2024 జూలై 1 నుంచి న్యాయ సంహితను అమలులోకి తెచ్చినప్పుడు 106వ సెక్షన్ రెండో భాగాన్ని మాత్రం ప్రభుత్వం పక్కన ఉంచింది.

నిజానికి డ్రైవర్ల భయాన్ని చట్టం ముందే గుర్తించింది. క్షతగాత్రుడికి వైద్య సహాయం అందేలా చూడటం డ్రైవరు బాధ్యత అని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ నిర్దేశిస్తోంది. జనాగ్రహం వల్ల గాని, తన చేతిలో లేని మరే కారణం వల్ల గాని అది సాధ్యం కానప్పుడు మినహాయింపునూ ఇస్తోంది. అలాంటి పరిస్థితిలో డ్రైవరు దగ్గరి పోలీసు స్టేషన్‌కు వెళ్లి, వీలైనంత త్వరగా, ఎంత ఆలస్యమైనా 24 గంటల లోపు, ప్రమాద వివరాలు చెప్పాలి. ఈ వెసులుబాటు ఉన్నట్టు స్టీరింగు పట్టుకున్నవారిలో ఎందరికి తెలుసునన్నది వేరే ప్రశ్న.

మృతుల కుటుంబాల ఆవేదనను కూడా తీసిపారేయడానికి వీల్లేదు. కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ లెక్కల ప్రకారం 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. వారిలో 30 వేల మందికి పైగా ఢీకొట్టి పారిపోయిన ఘటనల్లో ప్రాణాలు కోల్పోయినవారే. వాహనం ఆచూకీ దొరకనప్పుడు మృతుడి కుటుంబానికి దక్కే పరిహారం 2022 ఏప్రిల్ నుంచి రెండు లక్షల రూపాయలు. ఇంటి పెద్దను పోగొట్టుకున్న కుటుంబానికి అది ఏ మూలకు? డ్రైవరు పారిపోకుండా ఉండాలంటే ప్రాణానికి హామీ కావాలి. పారిపోయినవాడు తప్పించుకోకుండా శిక్షా ఉండాలి. రెండూ కలిపి చూసినప్పుడే పరిష్కారం.

చట్టంలో ఎనిమిది, రోడ్డు మీద పన్నెండు

డ్రైవర్ల రెండో ప్రశ్న పనిగంటల గురించి. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటలు, వారానికి 48 గంటలకు మించి పని చేయించరాదన్నది. దూరప్రయాణాల్లో రోజుకు పది గంటల వరకు అనుమతించింది. ఐదు గంటల పని తరువాత అరగంట విరామం, రోజు పని ముగిశాక తొమ్మిది గంటల ఎడతెగని విశ్రాంతి ఇవ్వాలన్నది. 2025 నవంబరు 21న కార్మిక స్మృతులు అమలులోకి రావడంతో ఈ చట్టం వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల స్మృతిలో విలీనమైంది. అందులోనూ రోజుకు ఎనిమిది గంటలే పరిమితి.

కాగితం మీద ఇంత చక్కగా ఉన్నది రోడ్డు మీద కనిపించదు. పాత చట్టం ఐదుగురు, అంతకు మించి కార్మికులున్న సంస్థలకే వర్తించేది. ఒకటి రెండు లారీలున్న చిన్న యజమానులే అధికంగా ఉన్న ఈ రంగంలో చాలామంది డ్రైవర్లు దాని నీడలోకే రాలేదు. సేవ్‌లైఫ్ ఫౌండేషన్ 2020లో విడుదల చేసిన అధ్యయనం కోసం విజయవాడతో సహా పది రవాణా కేంద్రాల్లో 1,200 మందికి పైగా డ్రైవర్లను ప్రశ్నించారు. వారు రోజుకు సగటున 12 గంటలు బండి నడుపుతున్నట్టు తేలింది. అలసటతోనో నిద్రమత్తుతోనో నడుపుతున్నామని దాదాపు సగం మంది ఒప్పుకున్నారు.

యూరోపియన్ యూనియన్ దేశాల్లో సాధారణంగా రోజుకు తొమ్మిది గంటలకు మించి స్టీరింగు పట్టరాదు. నాలుగున్నర గంటలకోసారి 45 నిమిషాలు ఆగాలి. బండిలో అమర్చిన యంత్రం దీన్ని నమోదు చేస్తుంది. అమెరికాలో 2017 డిసెంబరు నుంచి ఎలక్ట్రానిక్ పరికరమే గంటలు లెక్కిస్తోంది. మన దేశంలోనూ డ్రైవింగ్ గంటలు నిర్ణయించి, నిద్రమత్తును పసిగట్టే పరికరాలు అమర్చాలని కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ 2021లో ప్రతిపాదించారు. పనిగంటల నిబంధనల అమలుకు రాష్ట్రాలతో సమావేశాలు జరపాలని 2025లో సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. ఇక నేషనల్ పర్మిట్ లారీలో ఇద్దరు డ్రైవర్లు ఉండాలన్న పాత నిబంధనను మాత్రం 2018లో ఎత్తివేశారు. ఒక్కడే నడపాలి, గడువులోగా సరకు చేర్చాలి, ఎనిమిది గంటలే నడపాలి అంటే ఎలా సాధ్యమన్నది డ్రైవర్ల వాదన.

లోడు ఎవరిది, జరిమానా ఎవరికి?

అధిక లోడుపై జరిమానా 2019 సవరణ తరువాత భారీగా పెరిగింది. పట్టుబడితే 20 వేల రూపాయలు, అదనంగా ఉన్న ప్రతి టన్నుకు మరో రెండు వేలు. కాటా దగ్గర కాగితాలు పట్టుకుని నిలబడేది డ్రైవరే. ఎంత లోడు ఎక్కించాలో నిర్ణయించేది అతడు కాదు. కిరాయి మాట్లాడేదీ అతడు కాదు. డ్రైవరు యజమాని కానప్పుడు ఈ నేరం యజమానికి తెలిసి లేదా అతని ఆదేశంపైనే జరిగినట్టు న్యాయస్థానం భావించవచ్చునని మోటారు వాహనాల చట్టం 113వ సెక్షన్ చెబుతోంది. అదనపు సరకును దింపిన తరువాతనే బండి కదలాలని సుప్రీంకోర్టు 2005లోనే స్పష్టం చేసింది. ఈ రెండూ ఖచ్చితంగా అమలైతే బరువు తగ్గుతుంది, డ్రైవరుపై భారమూ తగ్గుతుంది.

లైసెన్సు చిక్కులు

లైసెన్సు విషయంలో మాత్రం కొంత ఊరట దక్కింది. రవాణా వాహన డ్రైవరుకు ఎనిమిదో తరగతి తప్పనిసరి అనే నిబంధనను 2019లో తొలగించారు. చదువు లేకపోయినా నైపుణ్యం ఉన్న గ్రామీణ యువకులకు ఇది దారి చూపింది. లైసెన్సు గడువును కూడా మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచారు. తేలికపాటి వాహనాల లైసెన్సు ఉన్నవారు మొత్తం బరువు 7,500 కిలోలకు మించని రవాణా వాహనాలను నడపవచ్చునని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. దీంతో చిన్న సరకు వాహనాల ప్రమాద కేసుల్లో బీమా సంస్థలు లేవనెత్తుతున్న అభ్యంతరానికి తెరపడింది. అంతకు మించిన లారీకి ప్రత్యేక లైసెన్సు తప్పదు. రవాణా వాహన లైసెన్సుకు కనీస వయస్సు 20 ఏళ్లు. అంతకుముందు కనీసం ఏడాదిపాటు తేలికపాటి వాహనాల లైసెన్సు ఉండాలి.

క్యాబిన్ చల్లబడింది, మరి నిద్ర?

2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మధ్యతరహా, భారీ సరకు వాహనాల్లో డ్రైవరు క్యాబిన్‌కు ఏసీ తప్పనిసరి అయింది. మే నెల ఎండలో ఇంజన్ వేడి పక్కన కూర్చుని నడిపేవారికి ఇది చిన్న మేలు కాదు. అయితే ఇప్పటికే రోడ్ల మీద తిరుగుతున్న లక్షలాది పాత లారీలకు ఇది వర్తించదు. ప్రభుత్వరంగ చమురు సంస్థలు జాతీయ రహదారుల వెంట బంకుల్లో ‘అప్నా ఘర్’ పేరిట పడక, స్నానపు గదులతో వసతి కల్పిస్తున్నాయి. అది అందనిచోట ధాబా ముందు నులకమంచం, లేదా లారీ కిందనే పడక. బండి వదిలి దూరంగా పడుకుంటే డీజిల్, టార్పాలిన్, స్టెప్నీ టైరు ఉంటాయన్న నమ్మకం లేదు.

తమ వాళ్లను ఈ వృత్తిలోకి రమ్మని చెప్పబోమని 2020 అధ్యయనంలో పాల్గొన్నవారిలో 84 శాతం మంది అన్నారు. రేపటి లారీ ఎవరు నడపాలన్న ప్రశ్నకు ఇందులోనే హెచ్చరిక ఉంది. నిబంధనలకు ఈ దేశంలో కొదవ లేదు. గంటల పరిమితి ఉంది, బరువు పరిమితి ఉంది, జనాగ్రహం నుంచి మినహాయింపూ ఉంది. కాని తనిఖీ మొత్తం స్టీరింగు పట్టుకున్న చేతి దగ్గరే ఆగిపోతోంది. లోడు ఎక్కించినవారిని, గడువు విధించినవారిని, నిద్ర మాన్పించినవారిని కూడా చట్టం అడగడం మొదలుపెట్టనంతవరకు లారీ డ్రైవరు ప్రశ్నకు జవాబు దొరకదు.