పెరటి కోడి – పక్కింటి బాకీ

తరతరాలుగా మా హోసూరు ప్రాంతంలో ఉంటున్న తెలుగువారి ఇళ్ళలో పెరడు ఉంటే నాలుగు కోళ్ళు ఉండవలసిందే. మనం నాటుకోడి అంటాం, తమిళులు నాట్టుక్కోళి అంటారు, కన్నడిగులు నాటి కోళి అంటారు. భాషలు మూడైనా మాట దాదాపు ఒక్కటే!

నేను బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. కోళ్ళ ఫారాల అప్పు కాగితాలు ఎన్నో చూశాను. మేత ఖర్చు, గుడ్ల రాబడి, నెలసరి వాయిదా అన్నీ నోటికి వచ్చు. అందుకే కొన్నేళ్ళ క్రితం మా అమ్మ "పెరట్లో కోళ్ళుంటే బాగుండునురా" అన్నప్పుడు, ఇందులో నేర్చుకోవలసింది ఏముందిలే అనుకున్నాను. సంతలో పది పిల్లలను కొని, ఆ సాయంత్రమే పెరట్లో వదిలేశాను.

మాకూ పక్కింటి అవ్వకూ మధ్య ముళ్ళకంచె ఒక్కటే అడ్డం. ఆమెకు పద్నాలుగు కోళ్ళుండేవి. గుడ్లమ్మిన డబ్బుతోనే ఆమెకు ఉప్పూ పప్పూ గడిచేవి. వారం తిరగకముందే మా పిల్లలు ఆకుపచ్చగా పారుకుంటూ, మెడలు వంకర తిరిగి పడిపోసాగాయి. అది కొక్కెర తెగులు. నావి ఎనిమిది పోయాయి. ఆ తరువాత కంచె అవతల అవ్వ కోళ్ళు పదకొండు పోయాయి.

తల వంచుకుని రెండు వేల రూపాయలు పట్టుకుని వెళ్ళాను. అవ్వ తీసుకోలేదు. "దుడ్డు గుడ్లు పెడుతుందా నాయనా? ఈసారి తెచ్చేముందు నాతో ఒక మాట చెప్పు" అంది. అంతకు మించి ఒక్క మాట అనలేదు.

ఆ మరునాడే పశువైద్యుని దగ్గరకు వెళ్ళాను. ఆయన చెప్పినవి మీకూ పనికివస్తాయి. కొక్కెర తెగులుకు మందు లేదు, టీకా ఒక్కటే రక్ష. మొదటి వారంలో పిల్ల కంట్లో చుక్క వేయాలి. ఎనిమిదో వారం ప్రాంతంలో సూది వేయించాలి. కొత్తగా తెచ్చిన కోళ్ళను మూడు వారాలపాటు పాత కోళ్ళకు దూరంగా, వేరే గూటిలో ఉంచాలి. ముందుగా పాతవాటికి మేత వేసి, ఆ తరువాతే కొత్తవాటి దగ్గరకు వెళ్ళాలి.

జాతుల సంగతి కూడా చెప్పాలి. నాటుపెట్ట ఏడాదికి యాభై, అరవై గుడ్లకు మించి పెట్టదు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధనా సంస్థ రూపొందించిన గ్రామప్రియ అంతకు రెండింతలకు పైగా పెడుతుంది. బెంగళూరులో రూపొందిన గిరిరాజ మాంసానికీ గుడ్లకూ రెంటికీ పనికివస్తుంది. కాని ఇవి సరిగా పొదగవు. పొదగడానికి, పిల్లలను రెక్కల కింద కాచుకోవడానికి నాటుపెట్టే కావాలి. పగలు పురుగూ పుట్రా ఏరుకు తిన్నా, సాయంత్రం గుప్పెడు నూకలో రాగులో చల్లితే చీకటి పడకముందే గూటికి చేరతాయి. పిల్లి, ముంగిస దూరకుండా గూటి తలుపు గట్టిగా ఉండాలి.

మరుసటి ఏడాది అవ్వతో చెప్పి, టీకాలు వేసిన గ్రామప్రియ పెట్టలను, ఒక పుంజును తెచ్చాను. మూడు వారాలు వేరుగా ఉంచి, ఆ తరువాత వదిలాను. అవి గుడ్లకు వచ్చాక, అవ్వకు మిగిలిన మూడు కోళ్ళలో ఒకటి పొదుగుకు వచ్చింది. దాని కింద మా గుడ్లు పన్నెండు పెట్టాం. ఇరవై ఒకటో రోజున తొమ్మిది పిల్లలయ్యాయి. సగపాలు అనుకున్నాం గనుక అయిదు అవ్వకు, నాలుగు నాకు. ఆ ఒక్కటీ ఎక్కువ ఎందుకని ఆమె అడిగితే, వడ్డీ అన్నాను. అవ్వ నవ్వింది. పాత బాకీ అయిదు పిల్లలతో తీరిందని నేను అనుకోలేదు, ఇప్పటికీ అనుకోవడం లేదు.

ఇప్పుడు టీకా సీసా తెచ్చిన రోజున రెండిళ్ళ పిల్లలకూ కలిపే చుక్కలు వేస్తాం. సీసా ఒకసారి విప్పితే ఆ పూటే వాడేయాలి, ఒక ఇంటి కోళ్ళకు అంత మందు అక్కరలేదు కూడా. మీలో ఎవరైనా కోళ్ళు పెంచాలనుకుంటే, సంతకు బయలుదేరే ముందు కంచె అవతలివారిని ఒకసారి పలకరించి వెళ్ళండి.