ఫారిన్ కీలో నల్: గది దొరకని విద్యార్థి ఎక్కడ?

కంప్యూటర్ సైన్సు తీసుకున్న తమ్ముళ్లను, చెల్లెళ్లను ఇంటర్వ్యూల్లో తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: ఫారిన్ కీ కాలమ్‌లో నల్ ఉండవచ్చా? ఉండవచ్చు. ఎందుకో హాస్టల్ లెక్కతోనే చూద్దాం.

విద్యార్థులకు ఒక టేబుల్, గదులకు ఒక టేబుల్ ఉన్నాయనుకోండి. విద్యార్థుల టేబుల్‌లోని 'గది నంబరు' ఫారిన్ కీ. అంటే గదుల టేబుల్‌లో లేని నంబరు అక్కడ రాయడానికి వీల్లేదు. ఉన్నవి 12 గదులే అయితే, 13 అని రాస్తే డేటాబేస్ ఒప్పుకోదు. మరి నిన్న ట్రంకు పెట్టెతో వచ్చి వరండాలో పడుకున్న కుర్రాడి సంగతి? అతనికింకా గది ఇవ్వలేదు కనుక అక్కడ నల్ ఉంటుంది. నల్‌ను ఫారిన్ కీ తనిఖీ చేయదు.

నల్ అంటే సున్నా కాదు. దరఖాస్తులో 'తండ్రి ఉద్యోగం' అన్న చోట మనలో చాలామంది గీత గీస్తాం. 'లేదు' అనా, 'తెలియదు' అనా? నల్‌తోనూ అదే పేచీ. అందుకే ఎస్‌క్యూఎల్‌లో నిజం, అబద్ధంతో పాటు 'తెలియదు' అనే మూడో జవాబు కూడా ఉంది. రిలేషనల్ నమూనాను 1970లో ప్రతిపాదించిన ఇ.ఎఫ్. కాడ్ 1979 నాటి వ్యాసంలో దీన్ని చర్చించారు.

కొందరు నల్‌కు భయపడి '0' అనే దొంగ గదిని సృష్టిస్తారు. నాకది నచ్చదు. గదులెన్నని అడిగితే 13 అంటుంది.

అసలు చిక్కు జాబితా తీసేటప్పుడే. గదులవారీగా దుప్పట్లు పంచాలని రెండు టేబుళ్లను ఇన్నర్ జాయిన్‌తో కలిపితే, వరండాలో ఉన్నవాడి పేరు రాదు. నల్ దేనితోనూ సరిపోలదు, మరో నల్‌తో కూడా. ఎర్రర్ ఏమీ రాదు, జాబితా చక్కగా ప్రింటవుతుంది. దుప్పటి అందరికన్నా అవసరమైనవాడే మిగిలిపోతాడు. విద్యార్థుల టేబుల్‌ను ముందుంచి లెఫ్ట్ జాయిన్ వాడితే అతని పేరూ వస్తుంది.

ఖాళీ గదుల కోసం 'నాట్ ఇన్' వాడితే ఇంకా విచిత్రం. విద్యార్థుల గది నంబర్లలో ఒక్క నల్ ఉన్నా, నాలుగు గదులు ఖాళీగా ఉన్నా ఒక్కటీ చూపదు. ఆ తెలియని నంబరు 7 కాదని అది తేల్చి చెప్పలేదు మరి! 'నాట్ ఎగ్జిస్ట్స్' వాడితే ఈ బాధ లేదు.

తరగతి లేని విద్యార్థి ఉండడు కనుక ఆ కాలమ్‌ను 'నాట్ నల్' చేయాలి. గది నంబరుకు వద్దు. పాత గది కూలగొట్టి టేబుల్‌లోంచి తీసేసినప్పుడు, 'ఆన్ డిలీట్ సెట్ నల్' అని ముందే రాసి ఉంటే అందులోని పిల్లల గది నంబరు మాత్రమే నల్ అవుతుంది. 'క్యాస్కేడ్' అని ఉంటే గదితో పాటు పిల్లల పేర్లూ పోతాయి.