నిద్రమందు వేషంలో గంజాయి

పోతిరెడ్డిపల్లి చౌరస్తా మీదుగా సాగే 65వ నంబరు జాతీయ రహదారి ఒకవైపు పటాన్‌చెరు ఫ్యాక్టరీలకు, ఇంకోవైపు జహీరాబాద్ దాటి మహారాష్ట్రకు పోతుంది. ఆంధ్రా-ఒడిశా సరిహద్దు కొండల్లో పండిన గంజాయి పడమటికి తరలే దారుల్లో ఇదీ ఒకటి. అందుకే ఇక్కడ గంజాయి అనగానే పట్టుబడ్డ వాహనం, కిలోల లెక్కే గుర్తొస్తాయి. నైట్ షిఫ్టు దిగి, పగటిపూట రేకుల గదిలో కన్ను మూతపడని మనిషి గురించి ఆలోచించేవాళ్లు తక్కువ. ఒక్క దమ్ము కొడితే నిద్ర పడుతుందన్న నమ్మకం అతన్ని పట్టుకునేది అక్కడే. గంజాయి మీదున్న అపోహలన్నిటిలోకీ ఎక్కువ నష్టం చేసేది ఇదేనని నా అభిప్రాయం.

మన మెదడు హాయి కోసం, నిద్ర కోసం తనే ఒక పదార్థాన్ని తయారుచేసుకుంటుంది. 1992లో దాన్ని కనిపెట్టినవాళ్లు సంస్కృతంలోని ఆనందం పేరు మీదే దానికి ఆనందమైడ్ అని పేరు పెట్టారు. అది చిటికెడు పుట్టి, పని కాగానే కరిగిపోతుంది. గంజాయిలో మత్తెక్కించే టీహెచ్‌సీ, మెదడు కణాల మీద ఆనందమైడ్ తెరిచే తాళంలోనే దూరి గంటల తరబడి కూర్చుంటుంది. మొదట్లో నిద్ర ముంచుకొచ్చే మాట నిజమే. రోజూ తాగితే ఆ తాళాలే మొద్దుబారతాయి, అంతే నిద్రకు మోతాదు పెంచాల్సి వస్తుంది. మానేస్తే చిరాకు, ఆకలి మందగించడం, పీడకలలు, నిద్రలేమి మొదలవుతాయి. మొదటి వారంలో ముదిరి, సాధారణంగా రెండు మూడు వారాల్లో తగ్గుతాయి. ఆ వారం తట్టుకోలేని మనిషి, గంజాయి లేనిదే తనకు నిద్ర రాదని తేల్చేసుకుంటాడు. నిద్రను చెడగొట్టిందే అతని కంటికి మందులా కనిపిస్తుంది.

మత్తులో చేయి ఆలస్యంగా కదులుతుంది, ఇప్పుడే విన్న మాట నిలవదు, దూరం అంచనా తప్పుతుంది. రియాక్టర్ వాల్వు దగ్గరా ఫోర్క్‌లిఫ్ట్ మీదా ఆ ఒక్క క్షణమే ప్రాణం తీయొచ్చు. హైదరాబాద్ చుట్టుపక్కల కొట్లలో పట్టుబడ్డ గంజాయి చాక్లెట్లు ఇంకా మోసం. తిన్నది ఎక్కడానికి అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది. ఏమీ కాలేదని ఇంకోటి తింటే, రెండూ కలిసి డ్యూటీ మధ్యలో ఎక్కుతాయి.

సాధువులు తాగలేదా, మద్యం కంటే నయం కదా అంటారు. 1893-94లో బ్రిటిష్ ప్రభుత్వం వేసిన కమిషన్ కూడా మితంగా వాడితే పెద్దగా హాని లేదనే చెప్పింది. అయితే అతిగా వాడితే చేటేనని కూడా అదే చెప్పింది. మితం మన చేతిలో ఉంటుందా అన్నదే అసలు చిక్కు. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం అంచనాలో వాడేవాళ్లు పదిమందైతే ముగ్గురికి అది వదలని జబ్బుగా మారుతోంది. పద్దెనిమిదేళ్లలోపు మొదలుపెట్టినవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ. మద్యం చేసే హాని ఎంత పెద్దదైనా, గంజాయి చేసే హాని దాంతో తగ్గదు.

2019లో వెలువడిన కేంద్ర ప్రభుత్వ సర్వే ప్రకారం గంజాయి, భంగు సమస్యతో సాయం అవసరమైనవాళ్లు దేశంలో 72 లక్షల మంది. పోలీసు భయంతో చాలామంది ఆసుపత్రి గడప తొక్కరు. కానీ 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోనే 64ఏ సెక్షన్ ఉంది: వాడకం కేసులో గానీ, కొద్దిపాటి సరుకు కేసులో గానీ ఇరుక్కున్న వ్యసనపరుడు తనంతట తాను గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో చికిత్సకు ముందుకొచ్చి పూర్తి చేసుకుంటే విచారణ నుంచి మినహాయింపు దొరుకుతుంది. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. ఈ రెండు సంగతులూ ఫ్యాక్టరీ గేటు దగ్గర తెలుగులో, హిందీలో, ఒడియాలో రాసిపెట్టాలి. మానేస్తానని వచ్చిన కార్మికుడికి ఆ మొదటి రెండు వారాలు నైట్ షిఫ్టు వేయకుండా చూడాలి.